పాత చైన్‌సాకు మళ్లీ కరెంటు: దొరకని ఇగ్నిషన్ పార్టుల స్థానంలో ఏం వాడాలి

పాత చైన్‌సాల ఇంజన్లు అంత తొందరగా చావవు. 1959లో వచ్చిన స్టిల్ కాంట్రా, 1963లో వచ్చిన హోమ్‌లైట్ ఎక్స్‌ఎల్-12 లాంటివి పిస్టన్, రింగులు దిట్టంగా ఉండి ఇప్పటికీ నా బల్ల మీదికి వస్తుంటాయి. తాడు లాగితే కంప్రెషన్ చేతికి గట్టిగా తగులుతుంది, ప్లగ్గులో మాత్రం కరెంటు ఉండదు. ఇగ్నిషన్‌లోని కండెన్సర్ (కెపాసిటర్) కోసం వెతికితే కంపెనీ తయారీ ఎప్పుడో ఆపేసి ఉంటుంది. అట్టపెట్టెలో మిగిలిపోయిన పాత స్టాకు దొరికినా దాన్ని నేను నమ్మను. లోపలి కాగితం, సీలు పెట్టెలో ఉన్నా పాతబడతాయి.

అందుకే వేరే పార్టులు వాడాల్సి వస్తుంది. అందులో తప్పేమీ లేదు. కాకపోతే తీసేస్తున్న పార్టు ఏ పని చేసేదో తెలియకుండా ఇంకోటి పెడితే స్పార్క్ వస్తుంది కానీ రంపం కోయదు. అలా స్పార్క్ ఉండీ పనిచేయని రంపాల్లో చాలావాటికి జబ్బు ఒకటే, టైమింగ్, అంటే స్పార్క్ సరైన క్షణంలో రాకపోవడం. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

బ్యాటరీ లేకుండా అయస్కాంతంతోనే స్పార్క్ పుట్టించే ఏర్పాటు మాగ్నెటో. కలుస్తూ విడిపోతూ కరెంటును కలిపి తెంపే రెండు లోహపు ముక్కలు పాయింట్లు. పాయింట్ల మాగ్నెటో పనిచేసే తీరు ఇది. ఫ్లైవీల్‌లోని అయస్కాంతం కాయిల్ కాళ్ల ముందు నుంచి పోతుంటే ప్రైమరీ చుట్టలో కరెంటు పుడుతుంది. అప్పుడు పాయింట్లు మూసుకుని ఉంటాయి కాబట్టి ఆ కరెంటు వాటి గుండా తిరుగుతుంది. అది బాగా పెరిగిన సమయానికి క్రాంకు మీది క్యామ్ పాయింట్లను విడదీస్తుంది. కరెంటు ఒక్కసారిగా ఆగిపోవడంతో సెకండరీ చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గులో దూకుతాయి. పాయింట్లు విడిపోయే క్షణంలో వాటి మధ్య మంట లేవకుండా, కరెంటు నిజంగానే ఠక్కున ఆగేలా చూసేది కండెన్సర్. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది: స్పార్క్ ఎప్పుడు రావాలో చెప్పేది క్యామ్, ఎంత బలంగా రావాలో చెప్పేది అయస్కాంతం. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టగానే ఈ లెక్క మారిపోతుంది. ఆ సంగతి తర్వాత.

ముందు చూడాల్సినవి

పని మొదలుపెట్టే ముందు చైన్, బార్ తీసి పక్కన పెట్టండి. ప్లగ్గు తీసి ఇంజన్ తిప్పేటప్పుడు ఆ రంధ్రం లోంచి పెట్రోలు ఆవిరి బయటికి కొడుతుంది. స్పార్క్ పరీక్ష దానికి దూరంగా, టెస్టర్ క్లిప్పు ఇంజన్ బాడీకి గట్టిగా ఎర్త్ చేసి చేయాలి. ప్లగ్ వైరును గాల్లో వదిలేసి తాడు లాగడం అసలు వద్దు. బయటికి దారి దొరకని వోల్టేజీ కాయిల్ లోపలి ఇన్సులేషన్‌నే చీల్చుకుంటుంది. బతికున్న పాత కాయిల్‌ను చంపుకోవడానికి అంతకన్నా సులువైన దారి లేదు. టెస్టర్‌లో 5, 6 మిల్లీమీటర్ల గ్యాప్‌ను తెల్లటి నీలి స్పార్క్ దాటుతుంటే ఇగ్నిషన్ బాగున్నట్టే, కార్బొరేటర్ చూసుకోండి.

స్పార్క్ లేకపోతే ముందు స్టాప్ స్విచ్ వైరు విప్పండి. ఆ స్విచ్ చేసే పనల్లా ప్రైమరీని ఎర్త్ చేయడమే. పాత రబ్బరు తొడుగు పగిలి, రాగి తీగ ఏ మూలనో కేసింగ్‌కు తగులుతుంటే స్విచ్ ఎప్పుడూ ఆఫ్‌లో ఉన్నట్టే లెక్క. స్టార్టర్ కవర్ కింద నలిగిన వైరొక్కటి మార్చితే లేచి కూర్చునే రంపాలు తక్కువేం కాదు.

ఇక ఫ్లైవీల్ తీయాలి, ఎందుకంటే చాలా మోడళ్లలో పాయింట్లు దాని వెనకే ఉంటాయి. క్రాంకు తిరగకుండా ఆపడానికి ప్లగ్గు రంధ్రంలోంచి స్టార్టర్ తాడు ముక్క దూర్చండి. పిస్టన్ పైకొస్తూ సిలిండర్ గోడలోని పోర్టులు (రంధ్రాలు) మూసేశాకే దూర్చాలి, లేకపోతే తాడు పోర్టు అంచులో పడి తెగుతుంది. నట్టును వదులు చేసి, షాఫ్టు చివరికి సమానంగా ఉంచి, పుల్లర్‌తో లాగండి. పుల్లర్‌కు తావు లేకపోతే రంపాన్ని ఫ్లైవీల్ పట్టుకుని కొద్దిగా లేపి, నట్టు మీద ఇత్తడి సుత్తితో ఒక దెబ్బ వేయండి. రెక్కల మీద, అయస్కాంతాల మీద కొట్టకూడదు. ఒక్క రెక్క విరిగినా బ్యాలెన్స్ పోతుంది, దెబ్బలకు పాతకాలం అయస్కాంతాల బలం తగ్గుతుంది. ఫ్లైవీల్ వచ్చాక కీ, అంటే దాన్ని షాఫ్టు మీద సరైన చోట నిలిపే చిన్న లోహపు ముక్క, చూడండి. అది సగం తెగి పక్కకు జరిగి ఉంటే స్పార్క్ బలం పడిపోయిన కారణం అక్కడే దొరికినట్టు.

లోపల నూనె తడి కనిపిస్తే ఆయిల్ సీల్ కూడా ఇప్పుడే మార్చండి. పాయింట్ల మధ్య పలచటి నూనె పొర చేరితే మీరు పెట్టే ఏ కొత్త పార్టూ నిలబడదు.

కండెన్సర్: ధైర్యంగా మార్చదగ్గది

ఇగ్నిషన్ పార్టులన్నింటిలో వేరేది పెట్టడానికి అన్నిటికన్నా అనువైనది ఇదే, ఎందుకంటే టైమింగ్‌తో దీనికి దాదాపు సంబంధం లేదు. ఈ ఇంజన్ల కండెన్సర్లు చాలావరకు 0.18 నుంచి 0.25 మైక్రోఫారడ్ల మధ్య ఉంటాయి. పాతదాన్ని కొలవాలంటే కాయిల్ నుంచి, పాయింట్ల నుంచి వైరు విప్పి కొలవాలి. విప్పకపోతే ప్రైమరీ చుట్ట అడ్డొచ్చి మీటరు అబద్ధం చెబుతుంది. మల్టీమీటర్‌లో విలువ సరిగ్గా వచ్చినంత మాత్రాన మంచిదని అనుకోవద్దు. మీటరు పెట్టేది కొద్ది వోల్టులు, పాయింట్లు విడిపోయినప్పుడు దాని మీద పడేది రెండు మూడు వందల వోల్టులు. ఆ వోల్టేజీ దగ్గర లీకవుతుందో లేదో మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెడితేనే తెలుస్తుంది.

కండెన్సర్ పోయిన గుర్తులు రెండు రకాలు. లోపల షార్ట్ అయితే స్పార్క్ పూర్తిగా పోతుంది, పాయింట్లు నున్నగానే ఉంటాయి. లోపల తెగిపోతే స్పార్క్ పసుపు పచ్చగా, నీరసంగా వస్తుంది, పాయింట్ల మధ్య కంటికి కనిపించేంత మంట లేస్తుంది. ఆ పాయింట్లను భూతద్దం కింద చూడండి. ముఖం నల్లబడి ఉంటుంది. కొన్నిసార్లు ఒక పాయింటు మధ్యలో గుంట, దానికి సరిగ్గా ఎదురుగా రెండోదాని మీద సన్నటి బొడిపె కనిపిస్తాయి. లోహం ఒకవైపు నుంచి రెండోవైపుకు చేరిందన్నమాట. పాయింట్లు శుభ్రం చేసి పెట్టిన కొద్ది రోజులకే మళ్లీ అదే బొడిపె లేస్తే కండెన్సర్ విలువ ఆ కాయిల్‌కు సరిపడలేదని అర్థం.

పాత డబ్బా స్థానంలో నేను పెట్టేది 0.22 మైక్రోఫారడ్ల పాలిప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్. కనీసం 630 వోల్టుల డీసీది ఉండాలి, 1000 వోల్టులదైతే ఇంకా నిశ్చింత. పల్స్ పనికి, అంటే హఠాత్తుగా పెరిగి తరిగే వోల్టేజీకి తయారైన రకమే తీసుకోండి. ఎలక్ట్రోలిటిక్ దీనికి పనికిరాదు. దానికి ప్లస్ మైనస్ ఉంటాయి, ఇక్కడ వోల్టేజీ అటూ ఇటూ ఊగుతుంది.

కెపాసిటర్ కన్నా దాన్ని పెట్టే చోటే ముఖ్యం. పాత డబ్బా ఫ్లైవీల్ వెనక వేడిలో ఉండేది. ఫిల్మ్ కెపాసిటర్‌కు ఆ వేడి మంచిది కాదు. అందుకని పాయింట్ల దగ్గర్నుంచి వేడికి తట్టుకునే వైరు లాగి, గాలి తగిలే చోట, హ్యాండిల్ బోలులోనో స్విచ్ దగ్గరో పెడతాను. ఎర్త్ వైపు తీగకు లగ్గు వేసి, కింద పెయింటు గీకి, స్క్రూతో బిగించాలి. చైన్‌సా వణుకుకు కెపాసిటర్ కాళ్లు మొదలు దగ్గరే విరుగుతాయి. వైరు సాల్డర్ చేశాక మొత్తాన్ని ఎపాక్సీలో ముంచి గడ్డ కట్టించండి. వైరు ఎక్కడ కేసింగ్‌లోంచి బయటికొస్తుందో అక్కడ రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి.

ఇవేవీ దొరక్కపోతే కారు డిస్ట్రిబ్యూటర్ కండెన్సర్ కూడా పనిచేస్తుంది, దాని విలువా ఈ చుట్టుపక్కలే ఉంటుంది. సైజు పెద్దది కాబట్టి బయట పెట్టుకోవాల్సిందే.

పాయింట్లు

చాలాకాలం మూలన పడున్న రంపంలో పాయింట్లు అరిగి ఉండవు, పొర కట్టి ఉంటాయంతే. సన్నటి పాయింట్ ఫైలుతో రెండు మూడు సార్లు రుద్ది, తర్వాత ఆల్కహాల్‌లో తడిపిన గట్టి కాగితాన్ని మధ్యలో పెట్టి లాగండి. కాగితం మీద నల్లగీత రావడం ఆగేదాకా లాగాలి. ఎమరీ పేపర్ వాడితే దాని రేణువులు పాయింట్లలో గుచ్చుకుని ఉండిపోతాయి, అందుకే నేను వాడను.

మార్చక తప్పకపోతే, అదే మాగ్నెటో కంపెనీ వేరే ఇంజన్లకు చేసిన పాయింట్ల కోసం చూడండి. రంపం పేరుతో కాకుండా మాగ్నెటో పేరుతో వెతకాలి: బాష్, వికో, ఫెలాన్, స్వీడన్ రంపాలైతే సెమ్. రంపాల కంపెనీల్లో చాలావి మాగ్నెటోలు బయట వీళ్ల దగ్గరే కొనేవి, వీళ్లు మోపెడ్లకూ ఇతర చిన్న ఇంజన్లకూ చేసేవారు. పోల్చేటప్పుడు ఇరుసు పిన్ను మందం, చేతి పొడవు, క్యామ్‌కు ఒరుసుకునే ఫైబర్ దిమ్మ ఎత్తు చూడండి. దిమ్మ ఎత్తు కొద్దిగా ఎక్కువగా ఉంటే సన్నగా అరగదీసుకోవచ్చు. తక్కువగా ఉంటే ఆ పాయింట్లు మనకు పనికిరావు.

గ్యాప్ మీ మోడల్‌కు చెప్పినదే పెట్టండి. తెలియకపోతే 0.38 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి, చాలావాటికి అదే. గ్యాప్ పెంచితే పాయింట్లు ముందుగా విడిపోయి టైమింగ్ ముందుకు జరుగుతుంది, తగ్గిస్తే వెనక్కి. ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పలచటి రేకు) మధ్యలో పెట్టేముందు నూనె లేకుండా తుడవండి, లేదంటే ఆ నూనె పాయింట్లకు అంటుతుంది. సెట్ చేశాక, కాయిల్ వైరు విప్పి, మల్టీమీటర్ బజర్ మోడ్‌లో పెట్టి క్రాంకు తిప్పండి. బజర్ ఆగిన క్షణమే పాయింట్లు విడిపోయిన క్షణం. కాయిల్ వైరు విప్పకపోతే ప్రైమరీ నిరోధం ఒక ఓమ్ దరిదాపుల్లోనే కాబట్టి బజర్ మోగుతూనే ఉంటుంది.

ఈ క్షణాన్ని రంపం మీద గుర్తు పెట్టుకోండి. మీరు మాడ్యూల్ వైపు వెళ్లాలనుకున్నా సరే, పాయింట్లు పీకేముందు ఈ గుర్తు పెట్టి తీరాలి. ఫ్లైవీల్ వైపు కన్నా క్లచ్ వైపు గుర్తే వీలు, ఎందుకంటే తర్వాత స్టార్టర్ కవర్ బిగించాక ఫ్లైవీల్ కనిపించదు. క్రాంకుతో పాటు తిరిగే క్లచ్ భాగం మీద ఒక సన్నటి తెల్లగీత, దానికెదురుగా కేసింగ్ మీద ఇంకోటి. చాలా రంపాల్లో ఈ చోటు పిస్టన్ పై చివరికి చేరడానికి 25 నుంచి 30 డిగ్రీల ముందు ఉంటుంది.

మాడ్యూల్ పెడితే

పాయింట్లు, కండెన్సర్ రెండింటి స్థానంలో పెట్టే చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు వస్తున్నాయి. కాయిల్ పాతదే ఉంటుంది. ప్రైమరీ వైరు మాడ్యూల్‌కు, మాడ్యూల్ రెండో కొస ఎర్త్‌కు. లోపలి ట్రాన్సిస్టర్ ప్రైమరీలో పుట్టే కరెంటుతోనే ఆన్ అయి, అది ఒక స్థాయికి చేరగానే తెంపేస్తుంది. పాత కండెన్సర్ తప్పకుండా విప్పేయాలి. పాయింట్లు తీసేయండి, లేదా మధ్యలో ఇన్సులేటింగ్ ముక్క పెట్టి వాటి వైరు విడదీయండి. స్పార్క్ రాకపోతే మాడ్యూల్ పాడైందని విసిరేయకండి. చాలా మాడ్యూళ్లు అయస్కాంతం ధ్రువాల వరసకు తగ్గట్టే పనిచేస్తాయి. రెండు వైర్ల రకమైతే తారుమారు చేసి చూడండి, ఒకే వైరు రకమైతే వ్యతిరేక ధ్రువాల కోసం చేసినది తెచ్చుకోవాలి. సైలెన్సర్‌కు దూరంగా, పెయింటు గీకిన చదునైన లోహం మీద బిగించండి.

ఇందాక వాయిదా వేసిన సంగతి ఇదే. మాడ్యూల్ పెట్టాక స్పార్క్ సమయాన్ని నిర్ణయించేది క్యామ్ కాదు, అయస్కాంతం కాయిల్ ముందుకొచ్చే సమయం. ఫ్యాక్టరీలో ఆ రెండింటి పొత్తు పాయింట్ల కోసం కుదిర్చారు. మాడ్యూల్ తెంపే క్షణం దానికి కాస్త అటో ఇటో పడుతుంది. ఆలస్యమైతే రంపం స్టార్ట్ అవుతుంది, ఐడిల్ కూడా అవుతుంది, కానీ దుంగ మీద పెట్టగానే బలం ఉండదు, సైలెన్సర్ విపరీతంగా వేడెక్కుతుంది. మరీ ముందైతే తాడు వెనక్కి లాగి వేళ్లు విరిచేస్తుంది. చాలామంది ఈ దశలో కార్బొరేటర్ విప్పి రోజుల తరబడి కుస్తీ పడతారు.

ప్లగ్గు తీసి, వైరు టెస్టర్‌కు పెట్టి, 12 వోల్టుల బ్యాటరీతో నడిచే టైమింగ్ లైట్‌ను ప్లగ్ వైరుకు తగిలించండి. గది చీకటిగా ఉంచి, ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు క్లచ్ మీది తెల్లగీత వైపు లైటు పట్టాలి. ప్లగ్గు లేదు కాబట్టి ఇంజన్ తేలిగ్గా, వేగంగా తిరుగుతుంది. వెలుగు మెరిసినప్పుడు రెండు గీతలు ఎదురెదురుగా ఉంటే అదృష్టమే. పక్కకు ఉంటే ఎంత పక్కకో కొలవండి.

దిద్దడం ఫ్లైవీల్‌ను షాఫ్టు మీద కొద్దిగా తిప్పి పెట్టడంతో జరుగుతుంది. కీ పని ఫ్లైవీల్‌ను సరైన చోట నిలపడం వరకే, పట్టు ఇచ్చేది షాఫ్టు వాలు, అంటే సన్నబడుతూ పోయే దాని చివరి భాగం. కాబట్టి కీని ఆకురాయితో మెట్టులా అరగదీసి, పై సగం పక్కకు జరిగేలా చేయొచ్చు. 12 మిల్లీమీటర్ల షాఫ్టు మీద ఒక డిగ్రీ అంటే సుమారు 0.1 మిల్లీమీటరు. అంటే అర మిల్లీమీటరు జరిపితే దాదాపు 5 డిగ్రీలు మారుతుంది. స్పార్క్ ముందుగా రావాలంటే ఫ్లైవీల్‌ను ఇంజన్ తిరిగే దిశలోనే జరపాలి. బిగించే ముందు షాఫ్టు వాలును, ఫ్లైవీల్ రంధ్రాన్ని నూనె చుక్క కూడా లేకుండా తుడిచి, మాన్యువల్‌లో చెప్పిన టార్కుకు బిగించండి.

ఈ చిట్కా మాడ్యూల్‌కే. పాయింట్లు ఉన్న రంపంలో ఫ్లైవీల్ జరిపితే టైమింగ్ మారదు, ఎందుకంటే క్యామ్ షాఫ్టు మీదే ఉంది. పాయింట్లు విడిపోయే క్షణానికి అయస్కాంతం తప్పు చోట ఉండి స్పార్క్ బలం పడిపోతుంది.

నన్నడిగితే, పాయింట్లు దొరికినంతకాలం పాయింట్లు, ఫిల్మ్ కెపాసిటరే మేలు. టైమింగ్ మన చేతిలో ఉంటుంది, పొలంలోనో అడవిలోనో ఆగిపోతే కాగితం ముక్కతో బాగుచేసుకోవచ్చు. క్యామ్ అరిగిపోయినా, పాయింట్ల పెట్టె తుప్పు పట్టి స్క్రూ పట్టకపోయినా అప్పుడు మాడ్యూల్.

కాయిల్, ప్లగ్ వైరు

కాయిల్ ప్రైమరీ చాలావాటిలో ఒక ఓమ్ అటూ ఇటూ, సెకండరీ కొన్ని వేల ఓమ్‌లు ఉంటాయి. మీటరులో తెగినట్టు చూపిస్తే కాయిల్ పోయినట్టే. బాగున్నట్టు చూపిస్తే ఇంకా ఏమీ తేలనట్టే. పది పదిహేను నిమిషాలు నడిచి ఆగి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే రంపంలో కాయిల్ వేడికి లోపల విడిపోతూ ఉండొచ్చు. ఆగిన వెంటనే, వేడి మీదే స్పార్క్ చూడాలి.

వేరే రంపం కాయిల్ పెట్టేముందు దాని కాళ్ల మధ్య దూరం, కాళ్ల చివరి వంపు మీ ఫ్లైవీల్‌తో సరిపోవాలి. ఇంజన్ తిరిగే దిశ, అయస్కాంతం ధ్రువాలు కూడా కలవాలి. లోపలే ఎలక్ట్రానిక్స్ ఉన్న కొత్త రకం కాయిల్ అయితే పైన మాడ్యూల్‌కు చెప్పిన టైమింగ్ పరీక్షంతా దీనికీ చేయాలి. దాన్ని పట్టుకునే ప్లేటుకు గుండ్రటి రంధ్రాల స్థానంలో పొడుగాటి గాళ్లు పెట్టుకుంటే, కీని అరగదీయకుండా కాయిల్‌నే జరిపి సరిచేయొచ్చు. ఫ్లైవీల్‌కు, కాళ్లకు మధ్య 0.25 నుంచి 0.3 మిల్లీమీటర్లు ఉంచండి. విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి బిగిస్తే దాదాపు అంతే వస్తుంది. బిగించాక ఫ్లైవీల్ పూర్తిగా ఒక చుట్టు తిప్పి, ఎక్కడా ఒరుసుకోవడం లేదని చూడండి.

ప్లగ్ వైరు రాగి తీగదే వాడండి. కారుకు వచ్చే కార్బన్ వైరు ఈ స్క్రూ రకం కనెక్షన్లలో నిలబడదు. ప్లగ్గు కొత్తది వేసేటప్పుడు చుట్ల పొడవు పాతదాంతో పక్కపక్కన పెట్టి పోల్చండి. ఎక్కువ పొడవుంటే పిస్టన్‌కు తగులుతుంది. ఎలక్ట్రానిక్ కాయిల్ అయితే రెసిస్టర్ ప్లగ్గు మంచిది.

అన్నీ అయ్యాక స్టాప్ స్విచ్ వైరు మళ్లీ కలపండి. చైన్, బార్ లేకుండానే స్టార్ట్ చేసి, ఐడిల్‌లో ఉండగా స్విచ్ నొక్కి ఇంజన్ ఆగుతోందో లేదో చూడండి. కొన్ని మాడ్యూళ్లతో పాత స్విచ్ తుప్పు పట్టి ఉంటే ఆగదు, అలాంటప్పుడు చోక్ లాగి ఆపి, స్విచ్ బాగుచేశాకే ముందుకెళ్లాలి. ఈ తరం రంపాల్లో చాలావాటికి చైన్ బ్రేక్ కూడా లేదు, కాబట్టి స్విచ్ విషయంలో రాజీ లేదు. ఆ తర్వాత చైన్, బార్ ఎక్కించి, హెల్మెట్, కాళ్లకు రక్షణ తొడుగులు వేసుకుని, ఒక మోస్తరు దుంగను కోస్తూ ఇంజన్ పూర్తిగా వేడెక్కనివ్వండి. ఆపి, వెంటనే తాడు లాగండి. వేడి మీద ఒకటి రెండు లాగుల్లో స్టార్ట్ అయితే కవర్ విప్పి, ఏ విలువ కెపాసిటర్ పెట్టారో, కీని ఎంత జరిపారో, ఏ ప్లగ్గు వేశారో చెరగని పెన్నుతో కవర్ లోపలి వైపు రాసి బిగించేయండి.